క్లాసులో లిస్టు: డిక్లరేషన్‌లోనా, కన్‌స్ట్రక్టర్‌లోనా?

కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి లెక్కల కోసం సి షార్ప్‌లో ప్రోగ్రామ్ రాస్తున్నామనుకోండి. రైతు అనే క్లాసు, అందులో లాట్లు అనే లిస్టు. ఆ రోజు సరుకు తేని రైతుకు లాట్లు సున్నా, అంతే. అందుకని లిస్టే లేకుండా వదిలేస్తే మొదటి ఫర్‌ఈచ్ (లిస్టులో ఒక్కొక్కటీ చూసే లూప్) దగ్గరే నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్, అంటే నల్ (ఏమీ లేదు) అనే ఎర్రర్, వచ్చి పడుతుంది. మరి ఆ ఖాళీ లిస్టును ఎక్కడ తయారుచేయాలి: ప్రాపర్టీని ప్రకటించే లైన్లోనా (డిక్లరేషన్), ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లోనా?

2015లో సి షార్ప్ 6 వచ్చేదాకా ఆటో ప్రాపర్టీకి (గెట్, సెట్ అని మాత్రమే రాసే ప్రాపర్టీ) మొదటి విలువ ఇవ్వాలంటే కన్‌స్ట్రక్టరే గతి. పాత కోడ్‌లో అది ఎక్కువ కనిపించేది అందుకే. కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. పేరు తీసుకునేది ఒకటి, పేరూ ఊరూ తీసుకునేది ఇంకొకటి ఉంటే రెండు చోట్లా రాయాలి, లేదా ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పిలవాలి. తర్వాతెప్పుడో మూడోది చేర్చేవాళ్లు ఆ లైను మర్చిపోతారు, రాసిపెట్టుకోండి.

నా ఓటు డిక్లరేషన్‌కే. ప్రాపర్టీ పక్కనే = పెట్టి కొత్త లిస్టు ఇచ్చేస్తే, ఏ కన్‌స్ట్రక్టర్ పిలిచినా దాని బాడీ కంటే ముందే అది తయారవుతుంది. సెట్ (మార్చే వీలు) కూడా తీసేసి గెట్ (చదివే వీలు) ఒక్కటే ఉంచండి. సెట్ ఉంటే ఎవరైనా నల్ పెట్టేయొచ్చు. జేసన్‌లో (డేటాను టెక్స్ట్‌గా పంపే పద్ధతి) నల్ వచ్చినా అదే గొడవ. ఒక మెలిక ఉంది: డాట్‌నెట్‌లో జేసన్ చదివే లైబ్రరీ సిస్టమ్ టెక్స్ట్ జేసన్ మామూలుగా గెట్ ఒక్కటే ఉన్న లిస్టును నింపదు, ఎర్రరూ ఇవ్వదు. ఉన్న లిస్టునే నింపమనడానికి డాట్‌నెట్ 8 నుంచి పాపులేట్ ఆప్షన్ ఉంది. ఇంకో సంగతి, = బదులు => పడిందా, అడిగిన ప్రతిసారీ కొత్త లిస్టు వస్తుంది. మీరు ఆడ్ చేసిన లాట్ మాయం!

లిస్టును ఎవరైనా అడిగినప్పుడే తయారుచేద్దాం, మెమరీ మిగులుతుంది అంటారు కొందరు. మిగిలేది చాలా తక్కువ. ఖాళీ లిస్టు తనకంటూ అర్రే తీసుకోదు, మొదటి ఆడ్‌కు 4 గదులు తీసుకుంటుంది. పైగా రెండు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) ఒకేసారి అడిగితే రెండు లిస్టులు తయారై, ఒకదాంట్లో వేసిన లాట్ గల్లంతయ్యే ప్రమాదముంది.

బయటి నుంచి వచ్చిన లిస్టును కాపీ చేసుకోవాలన్నా, సైజు ముందే తెలిసినా కన్‌స్ట్రక్టరే సరి.

ఈ తీర్పును పైథాన్‌కు మాత్రం మోసుకెళ్లకండి. అక్కడ క్లాసు బాడీలో రాసిన లిస్టు ఆబ్జెక్టులన్నిటికీ ఒక్కటే, ఆదోని రైతు బస్తాలు ఎమ్మిగనూరు రైతు ఖాతాలోనూ కనిపిస్తాయి. అక్కడ ఆబ్జెక్టు తయారైనప్పుడు నడిచే ఇనిట్ మెథడ్‌లోనే రాయాలి. డేటాక్లాస్ (ఇనిట్‌ను పైథానే రాసిపెట్టే క్లాసు) అయితే, ప్రతి ఆబ్జెక్టుకూ కొత్త లిస్టు ఇచ్చే డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడాలి.