హైదరాబాద్ నుంచి బెజవాడ దాకా, ఈసారి ఆగుతూ

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మాట వస్తే మనవాళ్లు ముందు చెప్పేది టైమే. నాలుగున్నర గంటల్లో దిగిపోయామని ఒకరంటే, మేము నాలుగే అని ఇంకొకరు. దారిలో ఏముంది అని అడిగితే మాత్రం సూర్యాపేటలో టీ తప్ప ఏమీ గుర్తు రాదు. సుమారు 270 కిలోమీటర్ల దారి ఇది. నేను కారులో, మధ్యలో ఒక రాత్రి ఆగుతూ వెళ్లి, కారు విజయవాడలో తమ్ముడికి అప్పగించి బస్సులో తిరిగొచ్చాను. ఎక్కడ ఆగితే బాగుంటుంది, ఎక్కడ ఆగడం దండగ అన్నది రాస్తున్నాను.

ఎల్బీనగర్ నుంచి పెద్దఅంబర్‌పేట దాకా ఇది జాతీయ రహదారి అని బోర్డుల్లో మాత్రమే ఉంటుంది. వనస్థలిపురం, హయత్‌నగర్, ఆఫీసుకు పరుగెత్తే బైకులు, కాలేజీ బస్సులు, రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు. పొద్దున ఎనిమిది దాటాక బయల్దేరితే సగం ఓపిక ఇక్కడే అయిపోతుంది. గచ్చిబౌలి, మియాపూర్ వైపు వాళ్లు ఊళ్లోంచి రావద్దు. ఔటర్ ఎక్కి పెద్దఅంబర్‌పేటలో దిగండి. ఔటర్‌కు టోల్ కట్టాలి, కానీ మిగిలే టైముకు అది ఎక్కువేం కాదు.

హయత్‌నగర్‌లో అందరం సిగ్నల్ చూస్తాం తప్ప మసీదును చూడం. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిన ఊరు ఇది. పెద్ద మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగడానికి సరాయి గదులు, దగ్గర్లో హాథీ బావలి. గోల్కొండకు సముద్రపు రేవు మచిలీపట్నం కాబట్టి 17వ శతాబ్దంలో సరుకంతా ఈ వైపు నుంచే కదిలేది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గోల్కొండ–మచిలీపట్నం దారిలో రాసుకున్న మజిలీల్లో హయత్‌నగర్, పంతంగి, బెజవాడ ఉన్నాయి. ఆ పంతంగిలోనే ఇవాళ మొదటి టోల్ గేటు! మధ్యలో ఆయన దారి నల్గొండ పక్కన పానగల్లు మీదుగా పోయింది. మనది నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోతుంది.

పంతంగి కంటే ముందు, చౌటుప్పల్ దాటకుండానే, కొయ్యలగూడెంలో ఆగండి. రోడ్డు మీదే చేనేత దుకాణాలు ఉంటాయి. పోచంపల్లి పేరు పెద్దది, కానీ అక్కడికి హైవే వదిలి లోపలికి పోవాలి. ఇక్కత్ దుప్పట్లు, చున్నీలు చాలనుకుంటే కొయ్యలగూడెం సరిపోతుంది. పట్టుచీర కావాలన్నా, మగ్గాలు చూడాలన్నా పోచంపల్లికే వెళ్లాలి, దానికి ఒక పూట పెట్టుకోండి.

టోల్ లెక్క ఒకసారి చూద్దాం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అని నాలుగు గేట్లు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. మొదలైనప్పుడు ధర 3000 రూపాయలు. ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందయితే అది. ఒక్కో గేటు ఒక్కో దాటింపు, అంటే పోనూ రానూ ఎనిమిది. నెలకోసారి ఊరికి వెళ్లేవాళ్లకు ఏడాదికి 96 అవుతాయి, ఆ 3000 లెక్కన పోనూ రానూ కలిపి ఒక్కో ప్రయాణానికి 250 పడేది. మామూలుగా కట్టేదానికంటే ఇది తక్కువే. పండక్కి మాత్రమే వెళ్లేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

పాతవాళ్లకు ఇది ఇంకా 9వ నంబరు రోడ్డే. పుణె నుంచి మచిలీపట్నం దాకా ఉన్న ఈ దారికి 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అని పెట్టారు. అంతకుముందు రెండు వరుసల్లో లారీ వెనక లారీ, ఓవర్‌టేక్ చేయాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లను జీఎంఆర్ సంస్థ నాలుగు వరుసలు చేసింది, 2012 చివరికల్లా టోల్ మొదలైంది. 2024 జులై నుంచి టోల్ వసూలు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. రోడ్డు వెడల్పయింది గానీ ఊళ్ల దగ్గర అడ్డంగా దాటే జనం తగ్గలేదు. చిట్యాల లాంటి చోట్ల రాత్రిపూట జోరు తగ్గించకపోతే ప్రమాదమే. బండి ఆగిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయండి. ఈ నంబరు చాలామందికి తెలియదు.

నార్కట్‌పల్లి చుట్టుపక్కల పెద్ద పెద్ద హోటళ్లు వరసగా ఉన్నాయి. కార్లు ఎక్కువగా ఆగే ఒకచోట దిగాను. ఇడ్లీ చల్లగా ఉంది, బిల్లు మాత్రం వేడిగానే ఉంది. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయని ఒప్పుకోవాలి, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అదే పెద్ద విషయం. ఎండాకాలమైతే హోటల్ మానేసి రోడ్డు పక్క ముంజలు, బత్తాయి రసం చూసుకోండి. నల్గొండ బత్తాయికి వంక పెట్టలేం.

కొర్లపహాడ్ దాటాక టేకుమట్ల దగ్గర మూసీ వస్తుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ వైపు రెండు ముఖ్యమైన దారుల్లో కదిలింది, షోలాపూర్ నుంచి ఒకటి, బెజవాడ నుంచి ఈ రోడ్డు మీదుగా ఇంకొకటి. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేసింది. ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. సినిమా పోస్టర్లు, స్థలాల ప్రకటనలు మాత్రం దండిగా ఉన్నాయి.

రాత్రికి సూర్యాపేటలో ఉన్నాను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. బస్సు పది నిమిషాలు ఆగే ఊళ్లో గది తీసుకోవడమేంటని మా ఇంట్లోనే అన్నారు. ముందు బైపాస్ పక్కన ఒక లాడ్జి చూశాను. ఏసీ ఉందన్నారు, రిమోట్ లేదు, రాత్రంతా లారీల హారన్లు వినాల్సిందే. అక్కడ దిగకుండా ఊరి లోపలికి పోతే, తక్కువ ధరకే ఉతికిన దుప్పట్లతో, వేడినీళ్లతో మంచి గది దొరికింది. ఈ ఊళ్లో రోడ్డుకు ఎంత దూరమైతే నిద్రకు అంత మంచిది. ఒక్క జాగ్రత్త: రెండేళ్లకోసారి మాఘమాసంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర జరుగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే. ఆ రోజుల్లో బండ్లను వేరే దారులకు మళ్లిస్తారు, గది దొరుకుతుందన్న ఆశా పెట్టుకోవద్దు.

నేను ఇక్కడ రాత్రి ఆగింది పిల్లలమర్రి కోసం. సూర్యాపేట నుంచి కొద్ది కిలోమీటర్లే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు అక్కడ ఉన్నాయి. నామిరెడ్డి కట్టించింది నామేశ్వరం, బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించింది ఎరకేశ్వరం. ఎరకేశ్వరంలో నల్లరాతి స్తంభాలు ఎంత నునుపంటే చెయ్యి పెడితే జారుతుంది. వాటి మీద సన్నని చెక్కడం చూస్తూ గంట ఎలా పోయిందో తెలియలేదు. పొద్దున ఏడింటికి వెళ్తే ఎండ తగలదు, గుంపు ఉండదు. వేయిస్తంభాల గుడి చూసినవాళ్లకు కూడా ఇది చిన్నగా అనిపించదు, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. కొరత ఏంటంటే టాయిలెట్ లేదు, తాగడానికి నీళ్లు లేవు, వివరం చెప్పే మనిషీ లేడు. అన్నీ చూసుకుని బయల్దేరండి.

సూర్యాపేట దాటితే మునగాల. రెండు రాష్ట్రాల హద్దు అంటే కోదాడ అవతల రామాపురం క్రాస్ రోడ్డే అని మనం అనుకుంటాం గానీ, పాత రోజుల్లో ఈ రోడ్డు మీద హద్దులు ఒకటి కాదు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, పాలన మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే అది నల్గొండ జిల్లాలో కలిసింది. అవతల పరిటాల కథ దీనికి తిరగేసి ఉంటుంది. చుట్టూ ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా, మధ్యలో నిజాం ఊళ్లు. సర్కారు జిల్లాలను (కోస్తా జిల్లాలను) ఇంగ్లీషు వాళ్లకు వదులుకున్నా, వజ్రాల గనులు ఉన్నాయని వీటిని నిజాం వదల్లేదు. ఇప్పుడు పరిటాలలో అందరూ ఆగేది 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర, 2003లో పెట్టారు. దండం పెట్టుకుని వెళ్లిపోతారు, ఊరి సంగతి ఎవరూ అడగరు.

మునగాల రాజా నాయని వెంకట రంగారావు కోట నడిగూడెంలో ఉంది, హైవే వదిలి లోపలికి పోవాలి. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. చరిత్ర మీద ఇష్టం ఉంటేనే వెళ్లండి, పిల్లలతో అయితే విసుగు తెప్పిస్తుంది.

జగ్గయ్యపేట, నందిగామల్లో నేను ఆగలేదు. జగ్గయ్యపేట స్తూపంలోని పేరున్న చక్రవర్తి శిల్పం ఎలాగూ చెన్నై మ్యూజియంలోనే ఉంది. వానాకాలంలో మాత్రం ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. వరద కబురు వింటే నార్కట్‌పల్లి దగ్గరే అద్దంకి రోడ్డు పట్టి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు వైపు పోవచ్చు. చుట్టే, కానీ నీళ్లలో నిలబడటం కంటే నయం.

ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి. కోట పైదాకా కారు పోతుంది, పై నుంచి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, కృష్ణ కనిపిస్తాయి. ఓపిక లేకపోతే కోట వదిలేసి బొమ్మల కాలనీకి వెళ్లండి. తెల్లపొణికి కర్రతో చేసే చోటే కొంటే డబ్బు చేసినవాళ్లకు చేరుతుంది, రోడ్డు మీద అమ్మేవాటిలో అన్నీ కొండపల్లివి కావు.

విజయవాడలో భవానీపురం వైపు, బెరం పార్కు దగ్గర దిగితే ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది, నది ఎదురుగానే ఉంటుంది. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక బస్టాండుకు చేరడం తేలికైంది. అంతకుముందు కొండ కింద గంటసేపు ఇరుక్కోవడం మామూలు.

తిరుగు ప్రయాణంలో ఎక్కింది ఎలక్ట్రిక్ ఏసీ బస్సు. ఈ రూట్లో తెలంగాణ ఆర్టీసీ ఈ-గరుడ బస్సులు 2023 మేలో మొదలుపెట్టింది. శబ్దం లేదు, కుదుపు తక్కువ, ఒక్కడే వెళ్లేవాడికి కారు కంటే ఖర్చూ తక్కువే. కానీ బస్సు ఆగిన చోటే తినాలి, పిల్లలమర్రి ఉండదు. నలుగురు ఉంటే కారు, ఒక్కరైతే బస్సు. సంక్రాంతికి రెండు రోజుల ముందు అయితే ఏదీ వద్దు, కాజీపేట మీదుగా చుట్టు తిరిగినా సరే, రెండు నెలల ముందే రైలు టికెట్ తీసుకోండి.