డల్లాస్‌లో ఉన్న మనవాళ్ళూ, ‘బిల్ క్రెడిట్’ కరెంటు ప్లాన్ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇప్పుడే బిల్లు చూశాను, ఒళ్ళు మండిపోతోంది. 940 యూనిట్లకి 186 డాలర్లు, పన్నులు కాకుండానే. పోయిన నెల 1,060 యూనిట్లు వాడితే 110 కూడా కాలేదు. తక్కువ వాడిన నెలకి ఎక్కువ బిల్లు!

కరెంటు కంపెనీతో పాత కాంట్రాక్టు అయిపోయింది, రేటు పెంచారు, వేరే కంపెనీకి మారాల్సి వచ్చింది. ఇండియన్ స్టోర్ గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని ప్లాన్లు అమ్మేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. అలాంటి ఒకాయన దగ్గర తీసుకున్నాను. తెలుగాయనే. పేరూ కంపెనీ ఇక్కడ రాయను.

నాకు మండేది ఎక్కడంటే, ఆయన నా పాత బిల్లు అడిగి మరీ తీసుకున్నాడు. దాని మీద ఏడాది పొడుగునా నెలనెలా ఎంత వాడామో గీతల్లో ఉంటుంది కదా, ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూశాడు. ఎండాకాలం 1,500 దాటడమూ చూశాడు, అక్టోబర్, నవంబర్, మార్చి, ఏప్రిల్ నెలల్లో వెయ్యి లోపే ఉండటమూ చూశాడు. అన్నీ చూసి, “మీ వాడకానికి ఇదే కరెక్టన్నా, యూనిట్ 9.8 సెంట్లే, మనవాళ్ళకి అబద్ధం చెప్తానా” అన్నాడు.

ఆ 9.8 ఎలా వస్తుందో వినండి. కరెంటు చార్జీ యూనిట్‌కి 14.4 సెంట్లు. తీగలూ మీటరూ ఆంకార్ అనే పంపిణీ కంపెనీవి కాబట్టి ఏ కంపెనీకి మారినా డెలివరీ చార్జీ తప్పదు, నా బిల్లులో అది యూనిట్‌కి దాదాపు 5 సెంట్లు, నెలకి ఇంకో 4 డాలర్లు. 1,000 యూనిట్లకి మొత్తం 198. నెలలో వెయ్యి తాకితే 100 డాలర్లు వెనక్కి ఇస్తారు, ‘బిల్ క్రెడిట్’ అంటే అదే, అప్పుడు 98. 999 దగ్గర ఆగిపోతే ఆ వంద రాదు, అందులో పైసా కూడా రాదు. 500 వాడితే యూనిట్ 20 సెంట్లు పడుతుంది, 2,000 వాడితే 14.6. చవగ్గా పడేది వెయ్యి దాటిన ఆ కాస్త మేరలోనే.

ఈ నెల వాడకం ఎందుకు తగ్గిందంటే గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే ఊరుకోదు. డ్రయ్యర్ వెయ్యనివ్వకుండా బట్టలన్నీ బాల్కనీలో స్టాండు మీద ఆరేసింది. మన దగ్గర వాడకం పెరిగితే పై శ్లాబులో పడి యూనిట్ రేటే పెరుగుతుంది, తగ్గిస్తే రెండు రకాలుగా కలిసొస్తుంది. ఆవిడకి తెలిసిన లెక్క అదే. ఇక్కడ వెయ్యికి 60 యూనిట్లు తగ్గినందుకు, సరిగ్గా వెయ్యి వాడితే అయ్యే దానికన్నా 88 డాలర్లు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. “నేను లైట్లు ఆర్పితే బిల్లు పెరిగిందా నాయనా?” అని అడిగింది. ఆ పెద్దావిడకి ఏం చెప్పమంటారు?

ఆయనకి ఫోన్ చేశాను. ‘అన్నా’ పోయి ‘సర్’ అయ్యింది. “ప్లాన్ వివరాల లేబుల్‌లో అంతా రాసే ఉంది సర్, సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు కదా, చదువుకోవద్దా?” అన్నాడు. నా బిల్లు గీత గీతా చూసి కూడా వెయ్యి సంగతి ఎందుకు చెప్పలేదంటే, “నెలాఖరుకి తగ్గేలా ఉంటే ఏసీ నాలుగు డిగ్రీలు తగ్గించి వదిలెయ్యండి, వెయ్యి దాటేస్తుంది” అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని స్పీకర్‌లో వింటోంది. నాలుగు డాలర్లు మిగులుతాయని కంపెనీ మారిన మనిషికి, కావాలని కరెంటు తగలెయ్యమని చెప్తాడా! ఇంకా మాట్లాడుతుండగానే కస్టమర్లు వచ్చారని పెట్టేశాడు.

వదిలించుకుందామంటే కాంట్రాక్టులో మిగిలిన ఒక్కో నెలకీ 20 డాలర్ల ఫీజు. కంపెనీ మారేటప్పుడు కాగితాలు అందాక మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది, నిజమే. కానీ మొదటి బిల్లు వచ్చేదే నెల తర్వాత. అదీ వెయ్యి దాటిన నెల కావడంతో తక్కువే వచ్చింది, ఇక అనుమానం ఎక్కడ వస్తుంది?

2021 మంచు తుఫాను తర్వాత, హోల్‌సేల్ రేటుకి ముడిపెట్టిన, అది పెరిగితే బిల్లూ పెరిగే ప్లాన్లు ఇళ్ళకి అమ్మకుండా టెక్సస్‌లో చట్టం తెచ్చారు. అప్పట్నుంచి ‘ఫిక్స్‌డ్’ అని ఉంటే చాలు, భయం లేదనుకుంటున్నాం. నాకు అంటగట్టిన ఈ ప్లాన్ కూడా ఫిక్స్‌డే.

మారాలనుకుంటే ఆ ప్లాన్ వివరాల లేబుల్ (ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్) తెరిచి 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర రేట్లు మూడూ చూడండి. మధ్యది ఒక్కటే బాగా తక్కువుంటే ఆ ప్లాన్ జోలికి పోవద్దు. మీ పాత వాడకం స్మార్ట్ మీటర్ టెక్సస్ సైట్‌లో ఉచితంగానే కనిపిస్తుంది, నెలనెలకీ విడిగా లెక్క వేసుకోండి. నేను కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కి కంప్లయింట్ రాస్తున్నాను, ఇలాగే ఇరుక్కున్నవాళ్ళు మీరూ రాయండి. ఇల్లు మారేవాళ్ళు కొత్త అడ్రస్‌కి రుజువు చూపిస్తే రద్దు ఫీజు వెయ్యకూడదు. కాంట్రాక్టు చివరి 14 రోజుల్లో మారినా వెయ్యకూడదు. వేస్తే ఊరుకోకండి, అడిగి తీసేయించుకోండి.