తిరిగి అప్పగించే పెంపకం: ఫాస్టర్ కేర్ సేవ ఎలా ఉంది?

తెలుగులో 'పెంచుకోవడం' అన్న మాటతోనే ఈ సేవకు మొదటి చిక్కు. ఫలానావాళ్లు అక్క కొడుకుని పెంచుకున్నారంటే ఆ పిల్లాడు ఇక వాళ్లవాడే. ఇంటిపేరు, ఆస్తి, చివరికి తలకొరివి కూడా అతనిదే. ఫాస్టర్ కేర్‌లో ఇవేవీ ఉండవు. కన్నవాళ్లు జైల్లో ఉన్నా, మంచాన పడినా, బిడ్డని హింసిస్తున్నా, ఆ బిడ్డని హోంలో నలభై మంది మధ్య ఉంచే బదులు ఒక ఇంట్లో ఉంచుతారు. ఆ ఇంటివాళ్లు తిండి పెట్టాలి, బడికి పంపాలి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చోవాలి. సొంతింట్లో పరిస్థితి చక్కబడ్డాక తిరిగి అప్పగించాలి. "దత్తతకి ఏళ్ల తరబడి ఆగాలట, ఇదైతే తొందరగా అవుతుందట కదండీ" అంటూ వచ్చేవాళ్లకి ఈ సేవ సరిపడదు. మొదలెట్టిన ఇళ్లలో మధ్యలో చెడేవి ఎక్కువగా ఇలా వచ్చినవే.

చట్టం వరకు చూస్తే మంచి మార్కులే వేయాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ పూర్తిగా దీని గురించే. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని, కన్నవాళ్లు వచ్చి చూసి వెళ్లొచ్చని, అది బిడ్డకి మంచిది కాదనిపిస్తే బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) ఆపొచ్చని అందులోనే ఉంది. దత్తతకి అర్హత ఉన్న బిడ్డని దీర్ఘకాలిక ఫాస్టర్ కేర్‌కి ఇవ్వకూడదని కూడా ఉంది. ఈ ఒక్క వాక్యం చదివితే సగం మంది దరఖాస్తు మానేస్తారు, మానేయడమే మేలు. ఇంకో తికమక పేర్లలో ఉంది. దత్తత ఖరారయ్యే ముందు బిడ్డని కొత్త తల్లిదండ్రుల దగ్గర ఉంచడాన్ని కూడా 'ప్రీ అడాప్షన్ ఫాస్టర్ కేర్' అంటారు. అది దత్తతలో ఒక మెట్టు, మనం మాట్లాడుకునేది వేరే దారి.

2016లో వచ్చిన నమూనా మార్గదర్శకాలు పెళ్లయిన జంటలకే అవకాశం ఇచ్చాయి. 2024లో వాటిని మార్చారు. ఇప్పుడు పెళ్లికానివాళ్లు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, చట్టప్రకారం విడిగా ఉంటున్నవాళ్లు కూడా అర్హులే. ఒంటరి మహిళకి ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా ఇస్తారు, ఒంటరి మగవాడికి మగపిల్లాడినే ఇస్తారు. ఒంటరివాళ్లకి కనీసం 35 ఏళ్లుండాలి. జంట అయితే ఇద్దరి వయసూ కలిపి 70కి తగ్గకూడదు, కనీసం రెండేళ్లు నిలకడగా కాపురం చేసి ఉండాలి. పైన కూడా పరిమితులున్నాయి, బిడ్డ వయసుని బట్టి మారతాయి కాబట్టి అరవైకి దగ్గర పడుతున్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. వచ్చే పిల్లలు ఆరేళ్లు దాటినవాళ్లు. పాలసీసా పిల్ల కోసం ఊయల కొనిపెట్టుకున్నవాళ్లకి ఇక్కడ పనిలేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకుని పత్రాలు ఎక్కించాలి. అయినా అంతకంటే ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఒకసారి వెళ్లి రావడం మంచిది. కలెక్టరేట్‌లో 'డీసీపీవో (జిల్లా బాలల పరిరక్షణ అధికారి) ఎక్కడ కూర్చుంటారు' అంటే చూపిస్తారు. గుర్తింపు, చిరునామా, ఆదాయం రుజువులు, ఆరోగ్య ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం లేదా విడాకుల ఉత్తర్వు, ఇవీ సర్దుకోవాల్సినవి. పోలీసు విచారణ ఉంటుంది. పాత పెళ్లిళ్లకి ధ్రువపత్రం లేకపోవడం, ఆధార్‌లో ఒక స్పెల్లింగు పాన్‌లో ఒక స్పెల్లింగు ఉండటం, అద్దె ఇంటికి ఒప్పంద పత్రం లేకపోవడం, ఫైలు ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే. ఇవి సరిచేసుకున్నాకే నమోదు చేయండి.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. దాన్ని హోం స్టడీ అంటారు, నివేదిక రాసేది 30వ నంబరు ఫారంలో. ఈ రోజు కోసం ఇంటికి సున్నం వేయించి, కొత్త దుప్పట్లు పరిచి కూర్చుంటారు చాలామంది. వచ్చినవాళ్లు దుప్పటి చూడరు. బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, ఆ గదిలోంచి ఎవరు రాకపోకలు చేస్తారు, బాత్రూం తలుపుకి గడియ ఉందా, ఇంట్లో తాగేవాళ్లున్నారా, ఇలాంటివి చూస్తారు. మీ సొంత పిల్లల్ని పక్కకి పిలిచి అడుగుతారు. "అమ్మ చెప్పింది, ఒక అక్క వస్తుందట, నా సైకిల్ ఇవ్వాలట" అని మూతి ముడుచుకుని చెప్పే పిల్లాడి మాటకి ఉన్న బరువు మీ జీతం చీటీకి ఉండదు. అత్తగారో మామగారో ఇంట్లో ఉంటే వాళ్ల ఒప్పుదల కూడా ముఖ్యమే. 'ఎవరి బిడ్డో, ఏ కులమో' అన్న ఒక్క మాట వంటింట్లోంచి వినిపిస్తే చాలు. వచ్చిన బిడ్డ రోజూ వినబోయేది ఆ మాటే అని అనుభవమున్న సోషల్ వర్కర్‌కి తెలుసు.

ఇటు మీ ఇంటి నివేదిక తయారవుతుంటే, అటు బిడ్డ గురించి 31వ ఫారం నింపుతారు. స్పాన్సర్‌షిప్, ఫాస్టర్ కేర్ కమిటీ అని జిల్లాలో ఒకటుంటుంది, కలెక్టర్ దానికి అధ్యక్షులు. కుటుంబాన్ని ఆమోదించేది అది. బిడ్డని ఏ ఇంట్లో పెట్టాలో ఉత్తర్వు ఇచ్చేది మాత్రం బాలల సంక్షేమ సమితి, అందరూ సీడబ్ల్యూసీ అనేది. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వారిలో ఒక్కరైనా మహిళ ఉండాలి. మ్యాచింగ్‌లో భాష, ఊరు, అలవాట్లు చూస్తారు, బిడ్డ అభిప్రాయం అడుగుతారు. మీరు బిడ్డని చూసినట్టే బిడ్డ కూడా మిమ్మల్ని చూస్తుంది, వద్దనే హక్కు దానికీ ఉంది. ఒకసారి చూసి 'నచ్చింది' అని తలూపేసే కుటుంబం కంటే, రెండు మూడు సార్లు కలిపించమని అడిగే కుటుంబం నయం.

32వ ఫారం ఉత్తర్వు, 33వది మీరు సంతకం పెట్టే హామీపత్రం. ఈ రెండింటి నకళ్లూ తీసుకోకుండా గుమ్మం దాటొద్దు. బడిలో చేర్పించేటప్పుడు, ఆస్పత్రిలో, రైల్లో ఎవరైనా 'ఈ పిల్ల మీకేమవుతుంది' అని అడిగినప్పుడు చూపించాల్సింది ఉత్తర్వే. అందులో గడువు చూసుకోండి. స్వల్పకాలికం అంటే ఏడాదికి మించదు. దీర్ఘకాలికమైతే ఏడాది దాటి, సీడబ్ల్యూసీ ఎప్పటికప్పుడు సమీక్షిస్తూ 18 ఏళ్లు నిండేదాకా పొడిగించొచ్చు. అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వస్తే సంతకం ఎవరు పెట్టాలి, రాష్ట్రం దాటి పెళ్లికి తీసుకెళ్లాలంటే ఎవరికి చెప్పాలి, ఈ రెండు ప్రశ్నలూ ఆ రోజే అడిగి రాతలో తీసుకోవాలి. జ్వరం 104 ఉన్న రాత్రి ఎవరి నంబరూ దొరకదు.

ఇక డబ్బు. పిల్లల సంరక్షణకి కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. రోజుకి లెక్కేస్తే 133 రూపాయలు చిల్లర. తిండికీ బట్టలకీ ఇందులో ఎలాగో సర్దొచ్చు గానీ, పళ్ల డాక్టరూ కౌన్సెలింగూ ట్యూషనూ వస్తే చేతి డబ్బు పడుతుంది. ఈ విషయంలో సేవకి అయిదుకి రెండు మార్కులకి మించి ఇవ్వలేం. ఇది పెంచినందుకు జీతం కాదని అందరికీ తెలుసు, కానీ తక్కువ ఆదాయమున్న మంచి కుటుంబాలు వెనక్కి తగ్గేది ఇక్కడే. కనీసం మూడు నెలల ఖర్చు సొంతంగా పెట్టుకోగలిగితేనే దిగండి. ఖర్చుల చీటీలు ఒక కవర్లో దాచండి, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే వెతుక్కునే పని ఉండదు.

బిడ్డ ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు వారాలు చాలా బాగుంటాయి. చెప్పిన మాట వింటుంది, కంచం తనే కడుగుతుంది. దీన్ని చూసి మురిసిపోకండి, అది ఇంకా చుట్టం లెక్కన ఉందని అర్థం. కుదురుకున్నాకే అసలు సంగతి బయటపడుతుంది. తలగడ కింద చపాతీ దొరుకుతుంది, స్కూల్ బ్యాగులో రేపటి అన్నం ఉంటుంది. ఆకలి చూసిన బిడ్డకి అది దొంగతనం కాదు, ముందుజాగ్రత్త. 'అడిగితే పెట్టమా' అని నిలదీస్తే ఇంకా లోతుగా దాచుకుంటుంది. మూత ఉన్న ఒక డబ్బాలో మరమరాలో బిస్కెట్లో పోసి, ఇది నీదే, ఎప్పుడైనా తినొచ్చని బిడ్డ మంచం పక్కనే పెడితే, దాచుకోవడం మెల్లగా తగ్గుతుంది. పక్క తడపడం, తలుపు వేస్తే ఏడవడం, చెయ్యెత్తితే మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా ఇలాంటివే. కొట్టడం ఏ రూపంలోనూ వద్దు, ఒక్క దెబ్బ ఫైలుని మూసేయగలదు.

ఏమని పిలవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 'అమ్మా' అని పిలవమని బలవంతపెట్టిన ఇళ్లలో బిడ్డ అసలేమీ పిలవకుండా 'ఏమండీ' అన్నట్టు దగ్గి పనికానిస్తుంది. తనకి అమ్మ ఉంది. అత్తా, పిన్నీ, పెద్దమ్మా, ఏది నోటికొస్తే అది. మన భాషలో ఇన్ని వరసలుండటం ఇక్కడ నిజంగా ఉపయోగం. అలాగే బడి రిజిస్టర్లో ఇంటిపేరు మార్చొద్దు, తండ్రి పేరు దగ్గర మీ పేరు రాయించొద్దు. ప్రేమతో చేసినా సరే, రేపు తిరిగి వెళ్లాక టీసీ ఒక పేరుతో ఆధార్ ఒక పేరుతో ఉంటే అవస్థ పడేది ఆ బిడ్డే. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా మానుకోవాలి. ఇలాంటి పిల్లల గుర్తింపు మీడియాలో బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది, ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా ఉంది.

కన్నవాళ్లు వచ్చి వెళ్లిన రోజు రాత్రి ఇల్లు అతలాకుతలం అవుతుంది. బిడ్డ అన్నం తోసేస్తుంది, మీ పిల్లాడితో గొడవ పెట్టుకుంటుంది. 'వాళ్లొస్తేనే పాడవుతోంది, రానివ్వకండి' అని చాలామంది సీడబ్ల్యూసీకి చెప్పేది ఇప్పుడే. తొందరపడొద్దు, ఆ గోల బెంగది. ఏ రోజు వచ్చారు, ఎంతసేపున్నారు, తర్వాత రెండు రోజులు బిడ్డ ఎలా ఉంది, ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. నిజంగా భయపెడుతున్నా, తాగి వస్తున్నా ఆ బుక్కే సాక్ష్యం.

చట్టప్రకారం సీడబ్ల్యూసీ నెలనెలా ఇల్లు చూడాలి, 35వ ఫారం నింపాలి. అధికారి వచ్చి హాల్లో కూర్చుని, టీ తాగి, "బాగానే ఉన్నావా అమ్మా" అని మీ ముందే అడిగి వెళ్లిపోతే అది తనిఖీ అనిపించుకోదు. బిడ్డతో విడిగా పది నిమిషాలు మాట్లాడమని మీరే అడగండి. ఇది బిడ్డకే కాదు, రేపు ఎవరైనా మీ మీద నింద వేస్తే మీకూ రక్షణే. సేవ మొత్తంలో మనుషుల మీద ఎక్కువగా ఆధారపడినది ఈ భాగమే. చురుకైన సోషల్ వర్కర్ ఉన్నచోట నడుస్తుంది, లేనిచోట ఫోన్ పలకరింపుతో సరి.

రెండేళ్ల తర్వాత దత్తత చేసుకోవచ్చంటున్నారు కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, అంతకుముందు అయిదేళ్లుండేది, 2024లో రెండేళ్లకి తగ్గించారు. కానీ అది బిడ్డని చట్టప్రకారం దత్తతకి అర్హురాలిగా తేల్చినప్పుడే. కన్నవాళ్లు కోలుకుంటుంటే ఆ లెక్క రాదు. ఆస్పత్రిలోనో గుడిమెట్ల మీదో దొరికిన బిడ్డని తెచ్చుకుని పెంచుకోవడం వేరే సంగతి, అది నేరమే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి, 24 గంటల్లో బిడ్డ సీడబ్ల్యూసీ ముందుకి చేరాలి.

అమ్మమ్మో మేనమామో బిడ్డని చూసుకోగలిగి, డబ్బే అడ్డమైతే ఫాస్టర్ కేర్ గడప తొక్కనవసరం లేదు. అదే మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ ఉంది. నెలకి అదే 4,000. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు మించకూడదు. పేదరికం వల్లే బిడ్డ ఇల్లు విడిచే పరిస్థితిలో ముందు అడగాల్సింది దీన్నే. మరో రకం గ్రూప్ ఫాస్టర్ కేర్, సంబంధం లేని పిల్లలు ఎనిమిది మందికి మించకుండా ఒక ఇంట్లా ఉండేది. అది సంస్థలు నడిపే పని, వ్యక్తులకి కాదు.

కుదరడం లేదనిపిస్తే చెప్పేయొచ్చు, కానీ చెప్పే తీరుంది. విసిగిపోయిన రోజు ఆటోలో ఎక్కించి ఆఫీసులో దింపి రావడం బిడ్డకి రెండోసారి ఇల్లు పోవడమే. కాబట్టి కొన్ని వారాల ముందే రాతపూర్వకంగా చెప్పి, వేరే ఇల్లు చూసేదాకా ఉంచుకోవాలి. మామూలుగా తిరిగి వెళ్లే రోజుకి కూడా సన్నాహం కావాలి. టీకాల కార్డు, మార్కుల జాబితాలు, మందుల చీటీ, టీసీ, ఒక ఆల్బం, ఇష్టమైన దుప్పటి ఉతక్కుండా అదే వాసనతో, మూత డబ్బాలో మరమరాలు. ఫోన్ నంబరు నోటుబుక్కు చివరి అట్ట లోపల రాయండి, కాగితం మీద రాసిస్తే పోతుంది. సీడబ్ల్యూసీ ఒప్పుకుంటే పండక్కి రమ్మని పిలవండి.