మాండలిన్ తీగలు: బ్రాంజ్ మేలా, నికెల్ మేలా?

కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, మాండలిన్‌కి ఫాస్ఫర్ బ్రాంజ్ వెయ్యమంటావా, నికెల్ వెయ్యమంటావా?" అని అడిగితే, "ముందు మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరమో చెప్పు" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. నేను నవ్వులాటకి అడగలేదు.

మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు: జి, డి, ఎ, ఇ. ప్యాకెట్ మీద ఏమని రాసున్నా సరే, సన్నటి రెండు జంటలు, అంటే ఎ, ఇ, మామూలు సెట్లలో చుట్టు లేని ఉత్తి ఉక్కు తీగలే. బ్రాంజా నికెలా అన్న గొడవంతా లావు తీగలు డి, జి మీద చుట్టే చుట్టు గురించే. అంటే మనం గంటలు గంటలు వాదించుకునేది సగం వాయిద్యం గురించి, పాటలో ఎక్కువ భాగం నడిచేదేమో మిగతా సగం మీద. పైగా మన తీరంలో మొదట చచ్చేది కూడా ఆ ఉక్కు తీగలే. ఒక సంక్రాంతికి మైపాడు దగ్గర చుట్టాలింట్లో వారం రోజులు మాండలిన్‌ని సంచిలో పెట్టకుండా గోడకి తగిలించి వదిలేశాను. తిరిగి తీసేసరికి ఇ తీగలు ఎర్రగా గరుకెక్కి ఉన్నాయి, నాలుగు స్వరాలు వాయించేలోపు వేళ్ళు నల్లబడ్డాయి. జి తీగలు కాస్త రంగు మారాయి అంతే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది లోహం కాదు, మందం.

డడారియో వాళ్ళ లైట్ సెట్ అంటే 10, 14, 24, 38. మీడియం అంటే 11, 15, 26, 40. ఇవన్నీ ఇ, ఎ, డి, జి వరుసలో, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. మిగతా కంపెనీలవి లావు తీగల దగ్గర కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. పదికీ పదకొండుకీ తేడా ఏముందిలే అనిపిస్తుంది గానీ, ఒకే శ్రుతిలో ఉక్కు తీగ బిగువు దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 10 తీసి 11 వేస్తే బిగువు ఏకంగా 21 శాతం ఎక్కువ. ఎనిమిది తీగలూ కలిపి చూస్తే, మామూలు సైజు మాండలిన్ మీద లైట్ సెట్ రమారమి 70 కిలోల లాగుడు, మీడియం 80 కిలోల దాకా. అంత బరువూ మోసేది పల్చటి చెక్క. తాతల నాటి గిన్నె వీపు మాండలిన్ ఇంట్లో ఉంటే దానికి ఈ రెండూ వద్దు, ఎక్స్‌ట్రా లైట్ వెయ్యండి, లేకపోతే బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క ముక్క) కింద పైచెక్క మెల్లగా లోపలికి కూరుకుపోతుంది. పైచెక్క ఉబ్బుగా చెక్కి చేసిన గట్టి వాయిద్యమైతే మీడియం హాయిగా మోస్తుంది, గొంతు కూడా నిండుగా వస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పైన చెప్పిన సైజులన్నీ జి-డి-ఎ-ఇ శ్రుతికి తయారు చేసినవి. మనలో కీర్తనలు వాయించేవాళ్ళు సా-పా-సా-పా కట్టుకుంటారు కదా, ఉదాహరణకి ఐదు శ్రుతిలో, అంటే సా జి మీద పడితే, జి, డి అలాగే ఉంచి ఎ ని జి కి, ఇ ని డి కి దించుతారు. అలా ఒక స్వరం దించేసరికి ఆ తీగ బిగువు 20 శాతం పైన పడిపోతుంది, లైట్ సెట్ అయితే జావగారిపోయినట్టు ఉంటుంది, మెట్టు మీద జర్రుమంటుంది. అదే 11 తీగని డి కి దించితే, 10 తీగ ఇ లో ఎంత బిగువుగా ఉంటుందో దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి సినిమా పాటలు, పాశ్చాత్య శ్రుతి అయితే లైట్, దించి కట్టే కర్ణాటకం అయితే మీడియం. నేను దీన్ని లెక్క వేసి తెలుసుకోలేదు, మూడు లైట్ సెట్లు తగలేసి తెలుసుకున్నాను.

కర్ణాటకం మాట వచ్చింది కాబట్టి గమకం గురించి కూడా చెప్తున్నా, జంట తీగల్ని పక్కకి లాగితే రెండూ ఒకేలా సాగవు, అపశ్రుతి పలుకుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంటలు వదిలేసి ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. ముందు నాలుగు తీగలు, తర్వాత ఐదు. మీదీ అలాంటిదే అయితే, అయస్కాంతం పికప్ (తీగ మోతని ఆంప్లిఫయర్‌కి పంపే భాగం) ఉంటే, కళ్ళు మూసుకుని నికెల్ వేసెయ్యండి. అయస్కాంతానికి రాగి కలిసిన చుట్టు కనబడదు, లోపలి ఉక్కు నరమే కనబడుతుంది, అందుకని బ్రాంజ్ వేస్తే ఇ తీగ అరుస్తుంది, జి తీగ గొణుగుతుంది. బ్రిడ్జి దగ్గర అంటించే పికప్ అయితే ఈ బాధ లేదు.

మామూలు మాండలిన్‌కైతే? ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే నిజంగా కంచే, రాగీ తగరమూ కలిసింది, వెచ్చగా గుండ్రంగా పలుకుతుంది. 80/20 బ్రాంజ్ అని ఇంకోటి అమ్ముతారు, పేరుకి బ్రాంజ్ గానీ అది 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు, అంటే ఇత్తడి! కొత్తలో గుడిగంటలా ఖంగుమంటుంది, మా చెమటకీ ఉక్కపోతకీ మూడు వారాల్లో మూగబోతుంది. నికెల్ మొదటిరోజు కొంచెం చప్పగా అనిపిస్తుంది గానీ ఆ చప్పదనమే నెలల తరబడి మారకుండా ఉంటుంది. భజన గుంపులో హార్మోనియం, డోలక్ మధ్య వినబడాలంటే నా ఓటు ఫాస్ఫర్ బ్రాంజ్‌కే, ఇంట్లో ఒక్కడే కూర్చుని సాధన చేసుకునేవాడికి నికెల్ చాలు.

పూత వేసిన తీగలు, ఎలిక్సిర్ లాంటివి, ధర ఎక్కువే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు పడే కాలంలో మాత్రం ఆ డబ్బు దండగ కాదు. వేలికి జారుడుగా ఉంటాయి, కొందరికి నచ్చవు. చదును చుట్టు తీగలు ఇంకా ఖరీదు. జారుకి సుఖం, వేలి కీచుశబ్దం రాదు, అయితే మెరుపు తక్కువ. కొబ్బరినూనె రాస్తే తుప్పు పట్టదని ఒకాయన సలహా ఇచ్చాడు. వీణ వాళ్ళు వేలికి నూనె రాసుకోవడం చూసి అని ఉంటాడు. చుట్టు తీగకి మాత్రం వద్దు, సందుల్లో మురికి చేరి చెక్క కొట్టినట్టు మోగుతుంది. పాత పంచె ముక్కతో వాయించాక తుడిస్తే చాలు.

చివరిగా, తెగింది ఒక్క ఇ తీగే అయితే సెట్ కోసం మద్రాసు రైలెక్కకండి. 10 నంబర్ అకూస్టిక్ గిటార్ సెట్లో మొదటి రెండు తీగలు మామూలుగా 10, 14 ఉంటాయి, 11 సెట్లో 11, 15. అవి కూడా ఉత్తి ఉక్కే, మన లైట్, మీడియం సెట్ల ఇ, ఎ లకి సరిగ్గా సరిపోతాయి. ప్యాకెట్ వెనక అంకెలు ఒకసారి చూసుకోండి. గిటార్ తీగలు నెల్లూరులోనూ దొరుకుతాయి, ఒంగోల్లోనూ దొరుకుతాయి. కొసకి చిన్న ఇత్తడి పూస ఉంటుంది, మాండలిన్‌కి కొక్కేనికి తగిలించే ఉచ్చు కావాలి కదా, పట్టకారుతో ఆ పూసని జాగ్రత్తగా నొక్కి పగలగొడితే మిగిలేది ఉచ్చే. మార్చేటప్పుడు ఒక్కొక్క తీగే విప్పండి, అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి అంటించి ఉండదు కాబట్టి ఊడి చేతికొస్తుంది. కావలి తమ్ముడి ఇల్లు తుమ్మలపెంట రోడ్డులోనట, అంటే సముద్రం వైపే. మీడియం ఫాస్ఫర్ బ్రాంజ్ ఒక సెట్టూ, విడిగా 11 తీగలు అర డజనూ కొనుక్కోమన్నాను.