సెంటెండ్రె లోకల్ రైలుకి ఆమదాలవలస వాడి మార్కులు

ముందే చెప్పేస్తున్నా, హంగరీలో బుడాపెస్ట్ నుంచి సెంటెండ్రె వెళ్ళే లోకల్ రైలుకి ఐదుకి నాలుగు, ఆ ఊరికి నాలుగున్నర. ఆ అర మార్కు ఎక్కడ కోశానో లాంగోష్ అనే అక్కడి తిండి దగ్గరకి వచ్చాక చెప్తాను.

మాది ఆమదాలవలస. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ శ్రీకాకుళం అక్కడ ఉండదు, ఆటోయో బస్సో పట్టుకుని పది కిలోమీటర్ల పైనే పోవాలి. కొత్తవాళ్ళు రైలు దిగి "ఊరేదండీ?" అని అడగడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. పద్దెనిమిదేళ్ళు సీజన్ టికెట్ మీద విజయనగరం వెళ్ళొచ్చినవాణ్ణి, కాబట్టి రోజూ ఎక్కే రైలు ఎలా ఉండాలో నాకు కొంచెం తెలుసనే అనుకుంటాను. మా చెల్లెలి కూతురు హంగరీలో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసు బుడాపెస్ట్‌లో, అద్దె ఇల్లు మాత్రం నగరానికి ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో సెంటెండ్రెలో. ముప్పై వేల లోపు జనం ఉండే ఊరు. నేనూ మా ఆవిడా అక్కడ మూడు వారాలున్నాం, రోజు విడిచి రోజు ఈ రైలెక్కాం.

కాగితం మీద దీని పేరు హెచ్5, జనం నోట్లో మాత్రం 'హేవ్'. దాన్యూబ్ నదికి పడమటి ఒడ్డున, సరిగ్గా పార్లమెంటు భవనానికి ఎదురుగా బత్యాని తేర్ అని ఉంటుంది, అక్కడ భూమి లోపల బయల్దేరుతుంది. మెట్రో దిగితే అక్కడే మారిపోవచ్చు. నలభై నిమిషాల ప్రయాణం. పెట్టెలు ఆకుపచ్చవి, తూర్పు జర్మనీ అనే దేశం ఉన్న రోజుల్లో అక్కడ చేసినవి, కాబట్టి వయసు మీరే లెక్కేసుకోండి. టాయిలెట్ లేదు. నాలాగా షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కక ముందే ఆ పని చూసుకోవాలి, ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా ఈ రివ్యూ చదివినందుకు గిట్టుబాటే. మరి నాలుగు మార్కులెందుకంటే, మేం ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పూట కూడా ఇరవై నిమిషాలకొకటి ఉండేది. ఒకటి తప్పితే ఎవరి మొహంలోనూ టెన్షన్ లేదు. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ ప్రతిసారీ పరిగెత్తేవాణ్ణి, మా ఆవిడ వెనక నుంచి తిడుతూ వచ్చేది.

మొదటి రోజు పప్పులో కాలేశాం. కొన్ని రైళ్ళు బేకాష్మెద్యెర్ దాకానే వెళ్తాయని మేనకోడలు లక్ష చెప్పి పంపింది. బోర్డు చూడకుండా ఎక్కి కూచున్నాం, అక్కడ అందరూ దిగిపోయారు, మేమిద్దరం మిగిలాం. తప్పు మాదే. బుడాపెస్ట్ హద్దులో ఆఖరి స్టేషన్ అది, నగరం టికెట్టు కూడా అక్కడి వరకే చెల్లుతుంది, ఆ పైకి వేరే తీసుకోవాలి. ఫోన్ చేస్తే "మామయ్యా, పెట్టె మీద పేరు చదవలేదా" అంది. చదివాను తల్లీ, పలకడం రాలేదు.

దారిలో కిటికీ పక్కన కూచోండి. అక్వింకుమ్ స్టేషన్ దగ్గర దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ పట్నం శిథిలాలు పట్టాల పక్కనే కనబడతాయి. బేకాష్మెద్యెర్‌లో వరసగా కమ్యూనిస్టుల కాలం నాటి కాంక్రీటు అపార్టుమెంట్లు. అది దాటాక 'లెన్‌ఫోనో' అని ఒక చిన్న స్టాపు, అంటే అవిసె నార వడికే మిల్లు అని అర్థమట. పొందూరు పక్కన పెరిగిన మా ఆవిడ ఇది వినగానే ఆ స్టాపు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి చూసేది.

ఇక ఊరు. మన జిల్లాల్లో ఊరి పేరు చివర 'వలస' ఉందంటే ఎప్పుడో ఎక్కణ్ణుంచో మూటా ముల్లే సర్దుకొచ్చిన వాళ్ళు కట్టుకున్న ఊరని చెప్తారు కదా, ఆమదాలవలస, కొత్తవలస, ఇంకా బోలెడు. సెంటెండ్రె పేరుకి అర్థం పునీత ఆండ్రూ అనే గానీ లెక్కప్రకారం అదీ ఒక వలసే. రోమన్లు ఇక్కడ నది సరిహద్దు కాపలాకి ఒక కోట కట్టారు, పేరు ఉల్సిసియా కాస్ట్రా. తరవాత హంగేరియన్లు వచ్చారు. ఆ తరవాత నూటయాభై ఏళ్ళు ఈ ప్రాంతం తుర్కుల చేతిలో ఉండి ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. అప్పుడు 1690లో దక్షిణం నుంచి సెర్బులు వచ్చారు. తుర్కులు పగ తీర్చుకుంటారన్న భయంతో వాళ్ళ పీఠాధిపతి ఆర్సెనియే చార్నోయెవిచ్ వెనక వేల కుటుంబాలు ఉత్తరానికి తరలిపోయాయి, అందులో కొన్ని ఇక్కడ ఆగాయి. 1389లో కొసోవో యుద్ధంలో చనిపోయిన తమ ప్రభువు లాజర్ అస్థికల్ని కూడా మోసుకొచ్చి ఇక్కడొక చెక్క గుడిలో పెట్టుకున్నారు. గొడవలు సద్దుమణిగాక వెనక్కి పోదామనే వాళ్ళ ఆలోచన. 1697లో అస్థికలు మళ్ళీ దక్షిణానికి వెళ్ళాయి, చాలామంది మనుషులు మాత్రం ఉండిపోయారు.

నాకు బాగా పట్టుకున్నది గుళ్ళ పేర్లు. పొజరెవాచ్కా, చిప్రోవాచ్కా, ఒపోవాచ్కా. ఇవన్నీ దేవుడి పేర్లు కావు, వదిలేసి వచ్చిన ఊళ్ళ పేర్లు. పొజరెవాట్స్ వాళ్ళ గుడి, ఒపోవో వాళ్ళ గుడి అలాగన్నమాట. బర్మా నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళుండే పేటల్ని ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పిలవట్లేదూ? నడి చౌకులో 1763లో సెర్బు వర్తకులు నిలబెట్టిన శిలువ ఉంది, ప్లేగు నుంచి బతికి బయటపడ్డందుకు. చుట్టూ ఉన్న రంగురంగుల ఇళ్ళు ఆ వర్తకులవే, సారా కాదు లెండి, ద్రాక్షసారాయి వ్యాపారంలో బాగా సంపాదించారు. 1880ల్లో ఫిలాక్సెరా అనే పురుగు పడి తోటలన్నీ పోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1888లో, ఈ రైలు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత సెర్బుల్లో చాలామంది కొత్తగా ఏర్పడిన తమ దేశానికి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి 1920ల నుంచి రైలెక్కి చిత్రకారులు దిగారు, అద్దె తక్కువ, వెలుతురు బాగుంటుందని. ఇప్పుడు మా మేనకోడలి లాంటి ఉద్యోగస్తులు. వాళ్ళూ అద్దె లెక్కలు చూసుకునే వచ్చారు.

మ్యూజియంలు చాలానే ఉన్నాయి, అన్నీ చూడక్కర్లేదు. మట్టి బొమ్మలు చేసిన కొవాచ్ మార్గిట్ గారిది ఒక్కటి మాత్రం చూడండి, 1973లో పెట్టారు. కొవాచ్ ఇంటిపేరు, మనలాగే వాళ్ళూ ఇంటిపేరు ముందు రాసుకుంటారు. పల్లెల్లోంచి పాత ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన స్కాన్‌జెన్ అనే ఆరుబయటి మ్యూజియం కూడా ఉంది, రైలు దిగి బస్సెక్కాలి, దానికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. సోమవారం వెళ్ళి తలుపులు చూసి రాకండి.

నది ఒడ్డు నడకకి బాగుంటుంది. 2013 జూన్‌లో బుడాపెస్ట్ దగ్గర దాన్యూబ్ 891 సెంటీమీటర్లకి లేచింది, మంచుగడ్డలు అడ్డుపడి వచ్చిన పాత వరదలు వదిలేస్తే అంత ఎత్తు నీళ్ళు ఎప్పుడూ రాలేదట. ఇక్కడ ఒడ్డున వరద వచ్చినప్పుడు స్తంభాలు నిలబెట్టి మధ్యలో పలకలు దించుతారు, నీళ్ళు తీశాక విప్పేస్తారు, మిగతా రోజుల్లో నదికీ మనకీ అడ్డు లేదు. నాగావళి గట్టు తెలిసినవాణ్ణి కదా, ఆ ఏర్పాటు అర్థమయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇప్పుడు ఆ అర మార్కు. లాంగోష్ అంటే పులిసిన పిండిని అరచేతులంత మందాన కాదు గానీ బాగానే మందంగా సాగదీసి నూనెలో వేయించి, పైన వెల్లుల్లి రసం, పుల్లటి మీగడ, చీజు వేసిస్తారు. "ఏటిది, మన పూరీకి దుప్పటి కప్పినట్టుంది" అంది మా ఆవిడ. రుచి బాగుంది, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. అయితే చౌకు పక్కన మేం తిన్న కొట్టులో, పేరెందుకులెండి, నూనె ఎన్ని రోజులదో దేవుడికే తెలియాలి, మీగడ ఇంకొంచెం వెయ్యమంటే దానికి వేరే లెక్క కట్టాడు. రెండు వీధులు లోపలికి పోతే మేనకోడలికి తెలిసిన కొట్టు ఉందని తరవాత తెలిసింది. అక్కడ తినండి, ముందే టాయిలెట్ ఎక్కడుందో కూడా అడిగి పెట్టుకోండి, తిరుగు రైలు నలభై నిమిషాలు.