మోజరా సర్వర్ వైపు స్టేట్ సేవింగ్: ఏళ్ల తరబడి వాడాక

మోజరా అంటే జేఎస్ఎఫ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను అమలు చేసే లైబ్రరీ. సర్వర్ వైపు స్టేట్ సేవింగ్‌లో ఒక్కో పేజీ స్టేట్‌ను, అంటే అది ఏ స్థితిలో ఉందన్న వివరాన్ని, సర్వర్ మెమరీలో ఆ యూజర్ సెషన్‌లో దాచుతుంది. చిన్న అప్లికేషన్లకు దాని డిఫాల్ట్‌లు చాలు. యూజర్ పొద్దున లాగిన్ అయి, సాయంత్రం దాకా ఇరవై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకునే చోట మాత్రం ఇబ్బంది మొదలవుతుంది.

ఇందులో అంతా రెండు అంకెల మీద నడుస్తుంది. 'నంబర్ ఆఫ్ లాజికల్ వ్యూస్' అంటే ఒక సెషన్‌లో కొత్తగా తెరిచిన పేజీలు ఎన్నింటిని గుర్తుంచుకోవాలన్నది, డిఫాల్ట్ 15. 'నంబర్ ఆఫ్ వ్యూస్ ఇన్ సెషన్' అంటే ఆ ఒక్కో పేజీకి ఎన్ని సబ్మిట్‌ల స్టేట్ దాచాలన్నది, అదీ 15. అంటే ఒక్క సెషన్‌కే 225 స్టేట్‌ల దాకా పోవచ్చు. అజాక్స్ సబ్మిట్‌లు (పేజీ మొత్తం లోడ్ కాకుండా వెళ్లేవి) పాత స్టేట్ మీదే రాసేస్తాయి కాబట్టి ఈ లెక్క పెంచవు, పేజీ మొత్తం తిరిగి లోడయ్యే ఫారాలే పెంచుతాయి.

16వ ట్యాబ్ తెరవగానే అందరికంటే ముందు వాడి వదిలేసిన పేజీ స్టేట్ ఎగిరిపోతుంది. ఆ ట్యాబ్‌కు వెళ్లి బటన్ నొక్కితే వ్యూ ఎక్స్‌పైర్డ్ ఎక్సెప్షన్, అంటే పేజీ స్టేట్ దొరకలేదన్న ఎర్రర్. "సెషన్ పోయింది" అనుకుని చాలామంది టైమవుట్ పెంచుతారు. సెషన్ బతికే ఉంది కాబట్టి ఎర్రర్ అలాగే వస్తుంది, పైగా మెమరీ ఇంకాసేపు ఖాళీ కాదు. లాజికల్ వ్యూస్ 25 చేసి రెండోదాన్ని 4కు దించితే గరిష్ఠం 100కు వస్తుంది. నష్టమల్లా, బ్యాక్ బటన్‌తో చాలా వెనక్కి పోయి పాత ఫారం సబ్మిట్ చేస్తే పనిచేయదు.

హీప్ డంప్ (జావా మెమరీ, అంటే హీప్, నకలు) తీసి ఎక్లిప్స్ మ్యాట్ అనే మెమరీ విశ్లేషణ టూల్‌లో సెషన్ ఆబ్జెక్ట్ విప్పి చూడకుండా ఈ అంకెలు కదపొద్దు. జేఎస్ఎఫ్ 2.0లో పార్షియల్ స్టేట్ సేవింగ్ (మారిన భాగాన్నే దాచే పద్ధతి) వచ్చాక పేజీ స్టేట్ బరువు బాగా తగ్గింది. అసలు బరువు చాలాసార్లు వ్యూ స్కోప్ బీన్‌లో (ఒక పేజీకి కట్టుబడి దాని డేటా మోసే జావా ఆబ్జెక్ట్‌లో) దొరుకుతుంది: వేల వరుసల లిస్ట్ ఒక ఫీల్డ్‌లో కూర్చుని ఉంటుంది. యూజర్ మామూలు లింక్ నొక్కి వెళ్లిపోయినా ఆ బీన్ వెంటనే చావదు. లిస్ట్ బదులు ఐడీలే ఉంచి, వరుసలు పేజీకి కొన్ని చొప్పున తెచ్చుకోవాలి. సెషన్ అంతా బతికే సెషన్ బీన్‌కు పేజీలోని కాంపొనెంట్‌ను 'బైండింగ్'తో కట్టారంటే మాత్రం కాంపొనెంట్ ట్రీ (పేజీ భాగాలన్నీ ఉండే చెట్టు) మొత్తం సెషన్‌కు వేలాడుతుంది. అది తీసేయడం తప్ప దారి లేదు.

స్టేట్‌ను క్లయింట్ వైపు పంపితే హీప్ తేలికవుతుంది, కానీ ప్రతి సబ్మిట్‌తో ఆ మూట వెళ్లి రావాలి. ఎన్‌క్రిప్షన్ కీని స్థిరంగా ఇవ్వకపోతే సర్వర్ రీస్టార్ట్ కాగానే తెరిచి ఉన్న పేజీలన్నీ చెల్లవు. లాగిన్ పేజీకి ఇవేవీ అక్కర్లేదు: జేఎస్ఎఫ్ 2.2 నుంచి ఎఫ్ వ్యూ ట్యాగ్‌లో ట్రాన్సియెంట్‌ను ట్రూ చేస్తే స్టేట్ దాచడమే ఉండదు, ఆ పేజీలో వ్యూ స్కోప్ బీన్ లేకుండా చూసుకోవాలంతే.