నౌపడలో గూస్ కోసం: నిలబడి చూడటమా, నడిచి వెతకడమా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూడటానికి ఈ ప్రశ్నే అక్కర్లేదు. చెట్ల మీద గూళ్లలో ఎదురుగానే ఉంటాయి, మామూలు బైనాక్యులర్ చాలు. అవి మేతకు వచ్చే నౌపడ చిత్తడి నేలల్లో, శీతాకాలపు గుంపుల మధ్య ఒక్క అరుదైన గూస్‌ను (బాతు జాతికి చెందిన పెద్ద నీటి పక్షి) పట్టుకోవాలంటే మాత్రం పద్ధతి ముందే తేల్చుకోవాలి. మొన్న ఆదివారం నేనూ మా బావమరిదీ రెండూ ప్రయత్నించాం. నేను గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి స్పాటింగ్ స్కోప్‌తో (బైనాక్యులర్ కన్నా దూరం చూపే దుర్బిణి) ఒకేచోట ఉన్నాను. తను బైనాక్యులర్ మెడలో వేసుకుని ఉప్పుమళ్ల గట్ల వెంట నడిచాడు.

మేం వెతికింది గ్రేలాగ్ గూస్. ఒడిశాలోని చిలికా సరస్సుకు ఏటా వస్తుంది గానీ, అది దాటి మన వైపు దిగడం తక్కువ. వస్తే బార్ హెడెడ్ గూస్‌ల మధ్యలోనే ఉండొచ్చని మా ఆశ. తల మీద రెండు నల్ల గీతలుండే ఈ పక్షులు హిమాలయాలు దాటి వస్తాయి. దారిలో 7 వేల మీటర్లు మించిన ఎత్తుకూ లేస్తాయి. రాత్రిపూట పొలాల్లో మేసి, తెల్లారాక నీటి ఒడ్డున సేదతీరుతాయి. అందుకే చీకటితోనే వెళ్లాలి.

నడకకు ఒక లాభం ఉంది. గట్టు చాటున, తుంగలో ఉన్న పిట్టలు స్కోప్‌కు అందవు, నడిచేవాడికే కనిపిస్తాయి. కానీ గూస్ దగ్గర ఇది ఎక్కువసేపు పనిచేయదు. ఒకటి మెడ నిటారుగా ఎత్తిందంటే మనల్ని చూసేసినట్టే. నాలుగైదు మెడలు లేచాక ఇంకో అడుగు వేయకూడదు. తను వేశాడు. గుంపంతా అరుస్తూ లేచిపోయింది. అంత దూరం నుంచి వచ్చి అలసట తీర్చుకుంటున్న వాటిని లేపేశామే అని నాకు చాలా బాధ వేసింది. పడవ మాట అసలు తలపెట్టొద్దు, ఇంకా తొందరగా లేస్తాయి.

అరగంటకు అవి తిరిగొచ్చి దూరంగా మెరక మీద వాలాయి. ఈసారి ఇద్దరం స్కోప్ దగ్గరే ఉన్నాం. సముద్రం వైపు గట్టు మీద నిలబడి పడమటకు చూశాం కాబట్టి ఎండ మా వీపు మీద, వెలుతురు పిట్టల మీద పడింది. ఒక చివర నుంచి ఒక్కొక్కటే చూస్తూ వస్తే 46 తేలాయి. ముప్పయ్యో, ముప్పై ఒకటో పిట్ట దగ్గర బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"గీతల్లేవు బావా! గ్రేలాగే!"

నాకూ గుండె దడదడలాడింది. జూమ్ 40కి పెంచి ముక్కు చూశాం. పసుపు రంగు, కొసన నల్ల మచ్చ. అది అటు తిరిగి నాలుగడుగులు వేసేదాకా కాళ్ల కోసం ఆగాం. అవీ పసుపే. గ్రేలాగ్‌కైతే కాళ్లు గులాబీ రంగు, ముక్కు కొసన నలుపు ఉండదు, మెడ లావు. ఇది బార్ హెడెడ్ పిల్ల. తొలి శీతాకాలంలో ఆ గీతలు ఇంకా స్పష్టంగా పడవు, నడినెత్తి ముదురు రంగులో ఉంటుంది. బైనాక్యులర్‌తో అంత దూరం నుంచి కాళ్ల రంగు తేలేది కాదు, గ్రేలాగ్ అని రాసేసుకునేవాళ్లం.

అందుకే నా ఓటు నిలబడటానికే. స్కోప్ బరువు, ఖరీదు రెండూ ఎక్కువే, గాలి వీస్తే ట్రైపాడ్ వణుకుతుంది కూడా. తొమ్మిది దాటాక ఎండకు నేల మీది గాలి అలలాడి ఏదీ తేటగా కనబడదు. స్కోప్ లేనివాళ్లు నడవడం కన్నా ఎండ వీపున పడేచోట గట్టు వారన కదలకుండా కూర్చోవడం మేలు, పిట్టలు వాటంతట అవే దగ్గరకొస్తాయి. నడక చీకట్లో, చోటు చూసుకోవడానికి మాత్రమే.

గ్రేలాగ్ దొరకలేదు. నోట్‌బుక్‌లో బార్ హెడెడ్ 46, అందులో పిల్లలు 5 అని రాసుకుని దిగాం. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ట్రైపాడ్ తనే మోస్తానన్నాడు.